మగ్గం గుంటలో నా కాళ్లు

దయ్యాలంటే నాకు భయం లేదు, ఎందుకంటే వాటి మీద నాకు గౌరవం లేదు. నగరిలో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే, దానికి ఊపిరితిత్తులు ఉన్నాయా, లేకపోతే ఎలా అరుస్తుంది అని అడిగి ఏడిపించేదాన్ని.

ఇప్పుడు రాస్తున్నది నా కాళ్లకు జరిగింది. కాణిపాకం వెళ్లి ప్రమాణం చేయమంటే చేస్తాను. నమ్మమని మాత్రం ఎవరినీ బతిమాలను.

నాకున్న జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరాలకూ ఒక పొర ఉంటుంది. ఈ జబ్బులో ఒళ్లు తన పొరను తానే పాడుచేసుకుంటుంది. కొన్నాళ్లు మామూలుగా ఉంటాం, ఉన్నట్టుండి తిరగబెడుతుంది.

రెండేళ్ల కిందట ఎండాకాలం మొదట్లో నాకు అలాగే తిరగబెట్టింది. బోర్డు మీద రాస్తుండగా కాలి చెప్పు ఊడిపోయింది. ఊడిన సంగతి నాకు తెలియలేదు, పిల్లలు నవ్వితే చూసుకున్నాను. వారం తిరిగేసరికి నడుము కింద ఉన్నదంతా నా మాట వినడం మానేసింది. తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చి స్టెరాయిడ్ సెలైన్లు ఎక్కించారు. డాక్టరు అరికాలిలో సూదితో గుచ్చి తెలుస్తోందా అని అడిగేవాడు. నేను ఆయన మొహం చూసి జవాబు కనిపెట్టాలని ప్రయత్నించేదాన్ని.

ఇంటికి పంపేటప్పుడు ఆయన చెప్పినవి సులువైన మాటలే. మందులు చేయాల్సింది చేశాయి, మిగతాది మీ చేతుల్లో ఉంది అన్నాడు. అలసట వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. ఒళ్లు చల్లగా ఉంచుకోవాలి, వేడినీళ్లు అసలు పనికిరావు. జాగ్రత్తగా ఉంటే స్పర్శా నడకా తిరిగి రావచ్చు, ఒంటిని హింసపెడితే రాకపోవచ్చు. నా కాళ్లు నాకు వస్తాయా రావా, ఆ వేసవంతా నాకు ఇంకో ఆలోచన లేదు.

మాది నేతపని ఇల్లు. పెరటి షెడ్డులో మరమగ్గాలు ఉన్నాయి. కరెంటు ఉన్నంతసేపూ ఒకరి మాట ఒకరికి వినపడదు. మా అత్త పగలు పడుకున్నది కాన్పులప్పుడు మాత్రమే, అదీ ఇష్టం లేకుండా. అలాంటి మనిషికి, కోడలు ఫ్యాను కింద పడుకుని దాన్ని వైద్యం అంటుంటే అరికాలి మంట నెత్తికెక్కేది. ఇది వాతం తప్ప మరొకటి కాదని ఆమె తీర్మానం. మా ఆయన నూలు కోసం పుత్తూరు వెళ్లిన ఒక పొద్దున, వావిలాకు వేసి మరగకాచిన నీళ్లు తెచ్చి నన్ను పీట మీద కూర్చోబెట్టి పోసింది. నేను వద్దని అరిచాను. అరిచేది నువ్వు కాదు, నీ రోగం అంది.

నీళ్ల వేడి నా కాళ్లకు తెలియలేదు, వీపుకు తెలిసింది. కాసేపటికే ఎదురుగా ఉన్న ఆమె మొహం తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయింది. పీట మీద నుంచి పక్కకు ఒరిగిపోయాను. చూపు సర్దుకోవడానికి సాయంత్రమైంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు వేడి తగిలితే అంతే.

మా ఆయన వచ్చి విని, తల్లిని ఒక్క మాట అనలేదు. అనగలిగిన మనిషైతే ఎప్పుడో అనేవాడు. మర్నాడు మాత్రం మధ్య గది తాళం తీసి, శుభ్రం చేయించి, నా మంచం అక్కడ వేశాడు.

ఇల్లంతటికీ చల్లటి గది అదే. మందపాటి మట్టిగోడలు, మట్టినేల. పూర్వం అందులో చేతిమగ్గం ఉండేది. మగ్గం దగ్గర నేలలో తొడల లోతు గుంట తవ్వి ఉంటుంది. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలి, లోపలి పలకలను ఒక కాలి తర్వాత ఒక కాలితో తొక్కుతారు. మరమగ్గాలు వచ్చాక ఆ మగ్గాన్ని విప్పి అమ్మేశారు. గుంట మీద చెక్కలు పరిచి వదిలేశారు.

ఆ చెక్కలు తీయించింది నేనే. గుంటలోని మట్టి మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. భోజనం కాగానే మా ఆయన దింపితే గట్టు మీద కూర్చుని, వెనక గోడకు దిండు పెట్టుకుని, మెడకు తడిగుడ్డ చుట్టుకుని, కాళ్లు అందులోకి వేలాడేసుకునేదాన్ని. ప్రాణం లేచివచ్చేది. అలాగే కునుకు పట్టేది. డాక్టరు చెప్పిన జాగ్రత్తలను ఇంతకన్నా బాగా ఎవరూ పాటించి ఉండరని నాకు గర్వంగా కూడా ఉండేది.

కానీ విశ్రాంతి తీసుకున్నకొద్దీ నాకు అలసట పెరిగింది. కునుకు తీసి లేచేసరికి జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉండేది. కంచం ఎత్తడానికి చేతుల్లో సత్తువ ఉండేది కాదు. మళ్లీ చూపించుకోవడానికి తిరుపతి వెళ్తే, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా పిక్కలు పట్టి చూసి, ఇంట్లో చాలా వ్యాయామం చేస్తున్నట్టున్నారే అంది. చేయడం లేదన్నాను. డాక్టరు నమ్మలేదు, తొందరపడి ఒంటిని అలసగొడుతున్నారని కోప్పడ్డాడు. ఇంటికొస్తే, తిని పడుకోవడం తప్ప ఇంకేం చేస్తున్నావని అత్త కోప్పడింది. ఒకే కాళ్లకు రెండు రకాల తిట్లు తిన్నాను.

శుక్రవారం ఆడవాళ్లం కాళ్లకు పసుపు రాసుకోవడం మా ఇంటి ఆనవాయితీ. నేను వంగలేను కాబట్టి అత్తే రాసేది, గిన్నె తోమినట్టు. ఒక శుక్రవారం ఆమె చేయి మధ్యలో ఆగిపోయింది. నా పాదం పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. నేనూ వంగి చూశాను. వేళ్ల మొదట్లో, రెండు పాదాలకూ, గట్టిగా కాయలు కాసి ఉన్నాయి. మంచం పట్టిన మనిషి అరికాళ్లు మెత్తబడాలి. నేను చెప్పులు వేసుకుని ఎన్నో వారాలైంది.

"ఇది మగ్గం తొక్కిన కాలు," అంది అత్త. "దీంతో ఎవురు తొక్కినారే?"

నాకు మగ్గం నేయడం రాదు. మా పుట్టింట్లో నేతపనే లేదు. ఆ ముక్కే చెప్పాను. ఆమె పసుపు గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులకు, మధ్యాహ్నం కరెంటు పోయింది. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేసరికి నా కునుకు చెదిరింది. చూస్తే నా చీర కదులుతోంది. మోకాళ్ల దగ్గర ఒకవైపు లేచి దిగుతోంది, తర్వాత రెండో వైపు. గుంటలోకి వంగి చూశాను. నా పాదాలు ఒకదాని తర్వాత ఒకటి కిందికి అణుగుతున్నాయి, లేస్తున్నాయి. ఆసుపత్రి బల్ల మీద నేను అంగుళం ఎత్తలేకపోయిన కాళ్లు అవి.

ముందు నాకు కలిగింది సంతోషమే. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కాళ్లు నాకు వచ్చేశాయి అనుకున్నాను. అప్పుడు వాటిని ఆపబోయాను.

ఆగలేదు. రెండు చేతులతో మోకాళ్లు అదిమిపట్టాను. చేతులు కూడా వాటితోపాటే లేచి దిగాయి. తొందర లేదు, తడబాటు లేదు. సాయంత్రానికి పని ముగించాల్సిన మనిషి తొక్కినట్టు తొక్కుతున్నాయి. పాదాల కింద పలకలు లేవు, ఉన్నట్టే అణుగుతున్నాయి. స్పర్శ మాత్రం ఇసుమంతైనా లేదు.

అత్తను పిలిచాను. ఆమె వచ్చి గడప దగ్గర నిలబడింది. నన్ను పైకి లాగమని ఏడ్చాను. ఆమె నా మొహం చూడలేదు, నా మోకాళ్లనే చూస్తూ నిలబడింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

అంతలో కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. ఇక నా అరుపులు నాకే వినపడలేదు.

కాఫీ వేళకు మా ఆయన బయటి నుంచి వచ్చేసరికి నేను కూర్చున్న చోటే చీర తడుపుకుని ఉన్నాను. ఆయన చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. గుంట దాటగానే కాళ్లు తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. టార్చి తీసుకుని ఆయన గుంటలోకి దిగి చూశాడు. పలకలు లేవు, తాళ్లు లేవు. అడుగున రెండు చోట్ల మట్టి నున్నగా అణిగి ఉందని చెప్పాడు. అది పాతదో కొత్తదో ఆయనకూ తెలియదు. మర్నాడే ఇసుక పోయించి సిమెంటు వేయించాడు.

తలుపు ఎందుకు వేశావని అత్తను అడిగాను.

"కాళ్లు ఆడతా ఉండాయి కదా. ఆపేస్తే మళ్లీ వస్తాయా?" అంది.

అప్పుడే అమ్ములు సంగతి చెప్పింది. అమ్ములు మా మామగారి చెల్లెలు. అత్త ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి పెళ్లికాని పిల్ల. ఉన్నట్టుండి కళ్లు మసకలనేది, కాళ్లు మొద్దుబారాయనేది, కొన్నాళ్లకు బాగయ్యేది, మళ్లీ పడేది. పని ఎగ్గొట్టడానికి నాటకాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. చివరికి నడక పూర్తిగా పోయాక, తొక్కితే కాళ్లు దారికొస్తాయని రోజూ తెచ్చి మగ్గం గుంట దగ్గర కూర్చోబెట్టేవారు. ఆ వేసవి దాటలేదు ఆ పిల్ల. ఆమెకు ఉన్న జబ్బేమిటో నేను చెప్పలేను, ఏ డాక్టరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నపు అలసటకు నేను మళ్లీ ఆసుపత్రి పాలయ్యాను. మళ్లీ సెలైన్లు ఎక్కించారు. ఈసారి మా పుట్టింటికి వెళ్లి, నిజంగా విశ్రాంతి తీసుకున్నాను. వానలు పడేనాటికి ఒక పొద్దున కుడికాలి బొటనవేలికి దుప్పటి తగిలినట్టు తెలిసింది. వేలిని పట్టుకుని ఏడ్చాను. అక్కడి నుంచి కొద్దికొద్దిగా స్పర్శ వచ్చింది, కర్ర పట్టుకుని నడక వచ్చింది.

స్పర్శతోపాటు ఇంకొకటీ వచ్చింది. పాదాల మీదుగా, చీలమండల చుట్టూ ఏదో బిగించి కట్టినట్టు ఉండేది. చూస్తే ఏమీ ఉండదు, మచ్చ కూడా ఉండదు. డాక్టరుకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. ఈ జబ్బులో పట్టీ బిగించినట్టు అనిపించడం మామూలే, నరాలు తప్పుడు కబురు పంపుతాయి అని మాత్ర రాశాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. నగరికి తిరిగి వచ్చిన రోజు అన్నాలప్పుడు ఈ మాటే అందరి ముందూ చెప్పాను, పరీక్ష పాసైన పిల్లలా.

అత్త అన్నం కలపడం ఆపింది.

"అమ్ములు పాదాలు పలకల మింద నిలిచేవి కాదు. నూలుతాడుతో కట్టేదాన్ని నేనే," అంది. "నొప్పి పుడతాందా అంటే లేదనింది. లేదు కదా అని ఇంకా బిగించినా."

చెప్పి, అన్నం కలుపుకుని తింది.

ఇప్పుడు కర్ర లేకుండానే స్కూలుకు వెళ్తున్నాను. ఆ బిగుతుకు డాక్టరు చెప్పిన కారణాన్ని ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే నేను సైన్సు చెప్పడం దండగ. అరికాళ్ల కాయలకు మాత్రం ఆయన దగ్గర కారణం లేదు, నా దగ్గరా లేదు. గుంట పూడ్చేసినా అవి మెత్తబడలేదు. కోయించుకుంటే మళ్లీ అక్కడే కాస్తున్నాయి.

స్పర్శ రావాలని నేను మొక్కని దేవుడు లేడు. వచ్చింది. మధ్యాహ్నం క్లాసులో నిలబడి పాఠం చెబుతుండగా పాదాల చుట్టూ ఆ బిగుతు మొదలవుతుంది, మాట ఆగిపోతుంది, బల్ల పట్టుకుంటాను. అమ్ములుకు తెలియని నొప్పంతా ఇప్పుడు నాకు తెలుస్తోంది.