నేను చుట్టుకోని దారం

ఏళ్ళ తరబడి మోస్తున్న బరువొకటి ఉంది. దించుకునే చోటు దొరక్క మీ దగ్గరికి తెచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోందేమో. చెప్పాల్సినవాళ్ళ ముఖంలోకి చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు పట్టేదా?

నందిగామలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. ఏటా జనవరి సెలవులకి ముందు పిల్లల్ని గ్రౌండులో కూర్చోబెట్టి గాలిపటం ఎగరెయ్యడం నేర్పుతాను. గాలికి వీపు పెట్టి నిలబడండి, పరుగెత్తక్కర్లేదు అంటాను. పటం పైకి గుంజుతుంటే దారం వదలండి, వాలుతుంటే మెల్లగా లాగండి. పుల్లలకి సూత్రం దారాలు రెండూ కట్టేటప్పుడు పై దారం కింది దానికంటే కాస్త పొట్టిగా ఉంచండి, పటం సులువుగా లేస్తుంది. కరెంటు తీగలు, పిట్టగోడ లేని డాబాలు, రోడ్డు పక్కలు వద్దే వద్దు. తీగకి చిక్కిన పటాన్ని మరిచిపోండి, కర్ర పెట్టి లాగకండి. నూలు దారమే వాడండి. ఆట అయ్యాక, పటం పోయినా సరే, దారం మొత్తం వెనక్కి చుట్టుకోండి. ఈ ఆఖరి మాట దగ్గర ప్రతిసారీ పాఠం మధ్యలో ఆపేస్తాను. పాపం, బాబాయి గుర్తొచ్చి ఉంటాడని తోటి టీచర్లు నాకు మంచినీళ్ళు తెచ్చిస్తారు. ఆ నీళ్ళు తాగుతాను. సిగ్గు లేకుండా తాగుతాను.

నాన్న పోయాక నన్ను పెంచింది బాబాయే. జగ్గయ్యపేటలో మా ఇల్లు. బాబాయి ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. మిషన్ల హోరులో అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతు. వీధి మొదట్లోంచే నన్ను కేకేసేవాడు. పైన చెప్పిన పాఠాలన్నీ ఆయన మా డాబా మీద నాకు నేర్పినవే. ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండేవాడు. నైలాన్ దారం గడప తొక్కకూడదు. అది తెగదు, దేనికి తగులుకుంటే దాన్ని కోస్తుంది అనేవాడు.

ఎదురింటి శీను పాలిటెక్నిక్ చదివేవాడు. గాజుపొడి పట్టించిన నూలు మాంజాతో రోజూ నా పటాన్ని కోసేవాడు. కోసి నవ్వేవాడు. వెక్కిరింపేం కాదు, ఊరికే నవ్వు. నాకది చాలు, ఒళ్ళు మండిపోవడానికి. డిగ్రీ చదివే పిల్లకి ఇంత పంతమేమిటని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. బజార్లో అడిగి, బాబాయికి తెలియకుండా చైనా మాంజా, అదే ఆ నైలాన్ దారం, తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం శీను పటాన్ని ఒక్క లాగుతో కోసేశాను. శీను చేతులు పైకెత్తి ఓడిపోయానన్నట్టు చూపించి, తన దారం కొసదాకా చుట్టుకుని కిందికి దిగిపోయాడు. కాసేపటికి గాలి చచ్చిపోయింది. నా పటం రోడ్డు దాటి అవతల మునగచెట్టులో పడింది. లాగాను. నూలైతే ఎక్కడో ఒకచోట తెగేది. ఇది అరచెయ్యి కోసిందే కానీ తెగలేదు. కిందికి వెళ్ళి చెట్టు దగ్గర విడిపించి, మొత్తం చుట్టుకుని రావాలి. చెయ్యాల్సింది అంతే. కానీ వీధిలో నైలాన్ దారంతో కనిపిస్తే ఎవరో ఒకరు బాబాయికి చెబుతారు. కత్తెర తెచ్చి దారం కత్తిరించాను. మిగిలిన దారం చుట్టి ఉన్న చరఖా నీళ్ళ ట్యాంకు వెనక దాచాను. దారం కొస జారి మా గేటు పక్కన స్తంభానికి చుట్టుకుంది. రోడ్డుకి అడ్డంగా, మెడ ఎత్తున నిలబడిపోయింది.

చూశానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది ఇదే. చూడలేదని కొన్నాళ్ళు నమ్మించుకున్నాను. కానీ పొద్దు వాలుతున్న ఎండలో అది ఒక్క క్షణం మెరిసింది, ఆ మెరుపు నాకు గుర్తుంది, చూడనిదే అది గుర్తెలా ఉంటుంది? చూశాను. తర్వాత తీయొచ్చులే అనుకుని టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను.

బండి పడిన చప్పుడు వినబడింది. బాబాయి. షిఫ్టు దిగి వస్తున్నాడు.

విజయవాడలో ఆపరేషను చేశారు. బతికాడు. గొంతు మాత్రం పోయింది. గరగరమనే గాలి మిగిలింది. ఆ గొంతుతో షిఫ్టు నడపలేడని ఉద్యోగం మానేశాడు. ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం నన్ను మంచం పక్కన కూర్చోమన్నాడు.

"అమ్మాయ్, నువ్వు పైనే ఉన్నావంటగా ఆరోజు. ఎవరిదే ఆ దారం?"

"ఎదురింటి శీనుది బాబాయ్."

"నిజంగా చూసావా?"

"చూసా."

"సర్లే. కుర్రాడు, తెలీక చేసుంటాడు. ఎవరితో అనమాక."

ఆయన వదిలేసేవాడే. తలుపు దగ్గర పిన్ని వింది. అదే అడుగున వీధి దాటింది. క్షణాల్లో ఇరుగుపొరుగు మూగారు. శీను తండ్రి అందరి ముందూ కొడుకుని చెంప మీద కొట్టాడు. నాది కాదని ఒక్కసారే అన్నాడు శీను. తలెత్తి మా డాబా వైపు చూశాడు. అక్కడ నేనున్నాను. దారం ఎవరిదో అతనికి తెలుసు. తన మాట ఎవరూ నమ్మరని ఊరుకున్నాడా, నేను చెబుతానని ఎదురుచూశాడా? నేను పిట్టగోడ వెనక్కి జరిగాను.

నెల తిరక్కుండానే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి చందర్లపాడు వెళ్ళిపోయారు. శీను చదువు మానేశాడని తర్వాత తెలిసింది. చందర్లపాడు నందిగామకి ఎంత దూరం? బస్టాండులో ఆ బోర్డు ఉన్న బస్సు రోజూ నా ముందే కదులుతుంది. ఒక్కనాడూ ఎక్కలేదు.

ఈ ఏడు మా హెడ్మాస్టరు పట్టుబట్టి బాబాయిని పిల్లల ముందుకి పిలిపించారు. బాబాయి చొక్కా కాలరు దించి మచ్చ చూపించాడు. ఒక చిన్నపిల్ల లేచి, ఆ దారం వదిలినవాళ్ళని ఏం చేశారండీ అని అడిగింది. బాబాయి ఆ గరగర గొంతుతోనే, వాడు మా ఎదురింటి కుర్రాడమ్మా, మంచివాడే, నేను ఎప్పుడో క్షమించేశాను అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ క్షమ ఏ తప్పూ చెయ్యని మనిషి మీద పడింది. నాదాకా రాదు. నిజం చెబితేనే వస్తుంది, నిజం చెబితే అసలు వస్తుందో రాదో తెలియదు, తనని కోసింది తన చేత్తో అన్నం పెట్టి పెంచిన పిల్లేనని ఈ వయసులో ఆయనకి చెప్పడం మరో తప్పవుతుందేమోనని ఒక వంక. వంకలకేం, ఎన్నైనా దొరుకుతాయి. అసలు సంగతి భయం. ఆయన నన్ను అమ్మాయ్ అని పిలవడం మానేస్తాడని భయం.

చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. నా మాటకి విలువెంతో చూశారుగా. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ దారం నాది. శీను వదలగా చూశానన్నది అబద్ధం. ఈ రెండు వాక్యాలూ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బయటికి అనలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు రాసి, పైకి చదివాను. ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.