సైకిలు దిగని మామయ్య

ఆ రోజుల్లో పౌరుషాలకు పెద్ద కారణాలు అక్కర్లేదు, కాలి బొటనవేలు చాలు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, అలాంటి వేలు ఒకటి మా ఇంటిని చాలాకాలం ఇబ్బంది పెట్టింది. తిరువూరు హైస్కూల్లో నేను ఎనిమిది చదువుతుండగా మా తెలుగు మాస్టారు, ఇద్దరు క్రీడాకారులను పోల్చి వ్యాసం రాయమన్నారు. చివర్లో ఎవరు గొప్పో తేల్చాలన్నారు. క్లాసంతా రేడియోలో విన్న క్రికెట్ వీరుల మీద పడింది. నాకు మాత్రం మా ఇంటి చెడుగుడు ఆటగాళ్ళే తట్టారు. ఒకరు నాన్న తమ్ముడు, మా చిన్నాన్న. రెండోవాడు వినగడపలో ఉండే మామయ్య, అమ్మ తమ్ముడు. (క్రికెట్ బంతి ఎంతుంటుందో అప్పటికి నేను చూడకపోవడం కూడా ఒక కారణం.)

చిక్కల్లా, ఆ ఇద్దరికీ మాటల్లేవు. గంపలగూడెం పోటీల్లో చెరో జట్టులో ఆడుతూ, కూతకు వెళ్ళిన చిన్నాన్న బొటనవేలు హద్దు గీత దాటిందని మామయ్య, దాటలేదని చిన్నాన్న పట్టుబట్టారు. అంతే, మామయ్య మా గడప తొక్కడం మానేశాడు. సంతకు వచ్చినప్పుడు మా వాకిట్లో సైకిలు మీదే ఉండి, ఒక కాలు నేలకానించి, అక్కకు కూరగాయల సంచీ అందించేవాడు. మంచినీళ్ళు కూడా అలాగే తాగేవాడు. ఆ పౌరుషం మధ్య మా చెల్లి చెవులు కుట్టించడం ఆగిపోయింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కదా కుట్టించాలి, సైకిలు దిగని మనిషికి ఒళ్ళెక్కడిది? చెల్లి బోసి చెవులు చూసి అమ్మ కళ్ళొత్తుకునేది. ఆ తగాదా చల్లగా పదికాలాలు ఉండాలని కోరుకున్నది ఇంటిల్లిపాదిలో చెల్లి ఒక్కతే.

వ్యాసం కోసం ముందు చిన్నాన్ననే అడిగాను, నీ గొప్పేంటి అని. తన గురించి తాను చెప్పుకోవడానికి సిగ్గుపడిపోయి, మామయ్య సంగతి ఎత్తుకున్నాడు. ఎడమ భుజం వంచాడంటే కుడివైపు దూకుతాడని, అతని పట్టు విడిపించుకోవడం తన వల్ల ఎన్నడూ కాలేదని చెప్పాడు. ఆదివారం వినగడప వెళ్ళి మామయ్యను అడిగితే అక్కడా అదే వరస. చిన్నాన్న కూత ఒక్కచోట కూడా తెగదట, అలాంటి ఊపిరి తనకుంటే కథే వేరట. నాకిదేమీ వింతగా తోచలేదు. ఎవరేమన్నారో అన్నది అన్నట్టు రాసేశాను. (ప్రతి వాక్యం చివరా "అని మా మామయ్య అన్నాడు" అని తగిలిస్తే వ్యాసం పొడుగవుతుందని కూడా కనిపెట్టాను.)

మా నాన్నమ్మకు చదువు రాదు. అందుకని పిల్లలం ఏం రాసినా అరుగు మీద నిలబడి ఆవిడకు గట్టిగా చదివి వినిపించాలి. నా వంతు వచ్చింది సంత రోజున. మామయ్య ఎప్పట్లాగే వాకిట్లో సైకిలు మీద, చిన్నాన్న ఎప్పట్లాగే తలుపు వెనక. చదువుతూ చదువుతూ తలెత్తితే, నాన్నమ్మ ఒక్కర్తే వినడం లేదని నాకూ అర్థమైంది. ఎవరు గొప్పో రాయాల్సిన చోటికి వచ్చి ఆగిపోయాను. అక్కడ నేనింకా ఏమీ రాయలేదు.

చిన్నాన్న తలుపు చాటు నుంచి బయటికొచ్చాడు.

"వేలు దాటింది బావా," అన్నాడు.

మామయ్య కాసేపు సైకిలు బెల్లు కేసి చూశాడు. "ఆ దుమ్ములో నాకూ సరిగ్గా కనపళ్ళేదులే," అన్నాడు. తర్వాత కిందికి దిగి స్టాండు వేశాడు. అమ్మ గబగబా లోపలికి వెళ్ళింది. కాఫీ పెట్టడానికనుకున్నాం, ఏడవడానికట.

మాస్టారు బొటాబొటీగా మార్కులు వేసి, కింద "తేల్చలేదు" అని ఎర్రసిరాతో రాశారు. ఆ మాటకు ఎంత కుమిలిపోయానో! అయినా ఇద్దరినీ కలిపింది నేనేనని పరికిణీ ఎగరేసుకుంటూ వీధంతా తిరిగాను. వాళ్ళు ఒకరి ఆటను ఒకరు అంత ప్రేమగా చూసుకుంటున్నారని ఆ పరికిణీ పిల్లకు ఏం తెలుసు పాపం. ఈ వయసులో నాకూ ఇద్దరు మనుషుల్లో ఎవరు గొప్పో తేల్చడం చేతకాదు, అందుకు బాధా లేదు.

చెల్లి మాత్రం క్షమించలేదు. మామయ్య ఒళ్ళో మెలికలు తిరుగుతూ అది పెట్టిన ఏడుపు ముందు చిన్నాన్న కూత ఏపాటి! ఇప్పటికీ జూకాలు పెట్టుకునేటప్పుడల్లా అద్దంలోంచి నన్ను చూసి అంటుంది, "నువ్వూ ఆ క్రికెట్ వాళ్ళ మీదే రాసుంటే పోయేది కదక్కా."