బ్యాటరీ దిగిన పొద్దులు

వీధిలో అందరూ ఆయన్ను ఇప్పటికీ డ్రైవరుగారనే పిలుస్తారు. బండి నడపడం మానేసినా ఆ పిలుపు మాత్రం ఆయన్ను వదల్లేదు. అది వినపడ్డప్పుడల్లా ఎవరో తన పాత చొక్కా తొడుక్కుని ఎదురుగా నడిచి వస్తున్నట్టు ఉంటుందాయనకు.

ఒక మిట్టమధ్యాహ్నం ఖాళీ బండి తోలుకుని ఇంటికొస్తూ, వంతెన దిగుతుండగా, ఆయన చేతులు ఆయన మాట వినడం మానేశాయి. కళ్ళు తెరిచేసరికి బండి గోడకు ఆనుకుని ఉంది. మూతి మీద నురగ, చుట్టూ జనం. మూర్ఛ అన్నాడు డాక్టరు. మాత్రలు రాశాడు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు, పసివాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నంత మెల్లగా.

ఆ బండే ఇంటికి అన్నం పెట్టేది. అందుకని భార్య నడపడం నేర్చుకుంది. నేర్పింది ఆయనే. పక్క సీట్లో కూర్చుని, "క్లచ్చు మీద కాలు నిద్రపోతోందా?" అని కసురుతూ నేర్పాడు. కొన్నాళ్ళకే ఆమె ఆయనకంటే నెమ్మదిగా, ఆయనకంటే బాగా నడపసాగింది. పొద్దుటి డ్యూటీ నర్సులను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపే పని కుదిరింది. నర్సులు ఆమెను డ్రైవరమ్మా అన్నారు. ఆయన కూర్చునే పక్క సీటు కూడా ఒక నర్సుకు పోయింది.

ఆయనకు మిగిలింది బ్యాటరీ ఒక్కటే.

మొదటిసారి అది నిజంగానే దిగింది. చలికాలం. ఇంకా మసక విడవని షెడ్డులోంచి ఆమె గొంతు వినపడింది.

"ఏమండీ, ఒక్కసారి రండి. బండి మూలుగుతోంది."

ఆ పిలుపుకు ఆయన లేచి కూర్చున్న తీరు వేరు. ఒంట్లో ఎక్కడో ఆగిపోయిన పంకా మళ్ళీ తిరిగినట్టు. వెళ్ళి షట్టరు పూర్తిగా పైకెత్తాడు. ఛార్జింగులో బ్యాటరీలోంచి గ్యాసు వస్తుంది, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు, గాలి ఆడాలి అన్నాడు. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. కొసల మీద పాచిలా పూసిన తెల్లటి పొడిని వంటసోడా నీళ్ళతో తుడిచాడు. మూతలు విప్పి, లోపలి పలకలు మునిగేంత నీళ్ళున్నాయో లేదో చూసి, తగ్గినచోట బ్యాటరీ నీళ్ళు పోశాడు. గోడ స్విచ్చు ఆపి ఉందని వేలితో తడిమి చూసుకున్నాక, ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకు తగిలించాడు. అప్పుడు స్విచ్చు వేశాడు. ఛార్జరు సన్నగా జుమ్మంది.

"అయిందా?" అంది ఆమె, చేతిలో తడిగుడ్డతో.

"ఆగవే. బ్యాటరీకి నీ తొందర తెలీదు. సన్నగా ఎక్కించాలి. తరిమితే ఉడికిపోతుంది. తీసేటప్పుడు ముందు స్విచ్చు, తర్వాత నలుపు, ఆఖర్న ఎరుపు. గుర్తుంటుందా, రాసిమ్మంటావా?"

"రాసిస్తే పటం కట్టించి పెట్టుకుంటా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గంటసేపూ ఆయనే డ్రైవరు.

ఆ తర్వాత చాలాకాలం బ్యాటరీ మళ్ళీ దిగలేదు. రోజూ తెల్లవారి ఇంజను ఒక్క తిప్పుకే లేచి, ఆయన్ను మంచం మీదే వదిలేసి వెళ్ళిపోయేది. ఆ చప్పుడు వీధి మలుపు దాటి సన్నబడి, పల్చబడి, కాకి అరుపుల్లో కలిసిపోయేదాకా వినేవాడు.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో ఉండగా షెడ్డులోకి వెళ్ళి బండి లైట్లు వేశాడు. మూసిన షట్టరు లోపలివైపు రెండు పసుపుపచ్చ చందమామలు పూశాయి. అన్నాలయ్యాక వెళ్ళి ఆపేశాడు. ఎంత వెలిగితే పొద్దున గంట ఛార్జింగుతో బండి లేస్తుందో ఆయనకు బాగా తెలుసు. పొద్దున ఆమె పిలిచింది. మరో వారం మరోసారి పిలిచింది. ఆ తర్వాత అది అలవాటైంది.

ఆలస్యమైన రోజుల్లో ఆసుపత్రి గేటు దగ్గర రాత్రి డ్యూటీవాళ్ళు, పని అందుకునే మనిషి రాక, ఇంటికెళ్ళలేక నిలబడి ఉండేవారు. చివరికి పెద్ద నర్సు ఫోను చేసింది. భార్య స్పీకరు పెట్టి వింది.

"అక్కా, మీరంటే మాకందరికీ ఇష్టమే. కానీ ఇంకొక్కసారి ఇలాగైతే వేరే బండి మాట్లాడేసుకుంటాం. ఏమీ అనుకోకండి."

ఆమె తమ్ముడు ఎలక్ట్రీషియను. మర్నాడే మీటరుతో దిగి బానెట్టులో తలదూర్చాడు.

"బావా, బ్యాటరీ గుర్రంలా ఉంది. ఛార్జింగు కూడా బాగానే ఎక్కుతోంది. మరి రాత్రిపూట ఈ కరెంటంతా ఎవడు తాగుతున్నట్టు?"

"ఎలకలేమో. వైర్లు కొరుకుతుంటాయి."

"కొరికితే తెగాలిగా బావా! మీ ఎలకలు లైట్లేసుకుని చదువుకుంటున్నట్టున్నాయి."

తన హాస్యానికి తానే పగలబడి నవ్వాడు. ఆయనా నవ్వాడు. ఆమె నవ్వలేదు. మీటరు కేసి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక చేయకూడదని ఒట్టు పెట్టుకున్నాడాయన. కొన్నాళ్ళు నిలబడ్డాడు కూడా. ఒకరోజు పొద్దువాలుతుండగా కొత్త నర్సు ఒకతె గుమ్మంలోకి వచ్చింది.

"డ్రైవరమ్మ లేరా అంకుల్? రేపట్నించీ నన్నూ ఎక్కించుకోవాలి. ఇల్లు చెబుదామని."

"లేదమ్మా, బజారుకెళ్ళింది. నాకు చెప్పు, నేను చెబుతా."

అమ్మాయి ఇల్లు చెప్పింది. వెళుతూ వెళుతూ ఊరికే, మర్యాదకే అడిగింది.

"మీరేం చేస్తుంటారంకుల్?"

ఆయన చేయి షెడ్డు వైపు లేచింది. సగంలోనే దించేసుకున్నాడు. ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మళ్ళీ లైట్లు వేశాడు. అన్నం తిన్నాడు, మాత్ర వేసుకున్నాడు, కాసేపు నడుం వాల్చి లేచి ఆపుదామనుకున్నాడు. డాక్టరు ఈమధ్యే పెంచిన మాత్ర. దాని మత్తు నల్లటి నీళ్ళలా వచ్చి కప్పేసింది.

పొద్దున పిలుపు రాలేదు. కళ్ళు తెరిస్తే ఆమె మంచం పక్కన నిలబడి ఉంది.

"లైట్ల స్విచ్చు వేసే ఉంది" అంది.

ఆయన షెడ్డులోకి పరుగెత్తాడు. తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. తీగలు కలిపి స్టార్టు చేద్దామంటే ఆ వీధిలో ఇంకో కారు లేదు. అంత నిస్సత్తువ బ్యాటరీతో ఆ కొత్తరకం బండి తోసినా లేవదు. అద్దాలు మరిచిపోయాడు. తొడుగులు మరిచిపోయాడు. గోడ స్విచ్చు ముందే వేసేసి, ఛార్జరు మీట చివరిదాకా తిప్పి, క్లిప్పు ఆనించాడు. చిటుక్కుమని నీలిరవ్వ లేచింది.

ఆమె ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేసింది.

"కళ్ళు పోతాయి! ముందు క్లిప్పులు, తర్వాత స్విచ్చు అని ఎవరండీ నాకు నేర్పింది?"

"ఒక్క అరగంటే... గట్టిగా ఎక్కిస్తే..."

"తరిమితే ఉడికిపోతుందని కూడా మీరే అన్నారు."

ఆయన టైరుకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఆమె కూడా, కాస్త ఎడంగా, కూర్చుంది.

"నాకు ఎప్పట్నించో తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"షట్టరు కిందనుంచి వెలుతురు వీధిలోకి పడుతుంది. సాయంత్రం పాలకని వెళ్ళినప్పుడు చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏమయ్యేది? మానేసేవాళ్ళు. మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ గంటసేపు మీరు నామీద కేకలేస్తుంటే, పాత మనిషి ఇంట్లోకి వచ్చినట్టుండేది. అందుకని ఊరుకున్నాను. మీ అబద్ధానికి నేనూ గుడ్డ అందించాను."

ఫోను మోగింది. ఆమె విని, "సరేనమ్మా" అని పెట్టేసింది. నర్సులు వేరే బండిలో వెళ్ళిపోయారు. ఇక రానక్కర్లేదన్నారు.

ఆమె చీర మార్చుకుని బయటికి వెళ్ళింది. ఆయన లేచి షట్టరు ఎత్తాడు. అద్దాలు, తొడుగులు వేసుకున్నాడు. కొసలు తుడిచాడు, నీళ్ళు చూశాడు, క్లిప్పులు తగిలించాక స్విచ్చు వేశాడు. సన్నగా, పొద్దంతా ఎక్కించాడు. మధ్యమధ్య బ్యాటరీ వేడెక్కిందేమోనని, జ్వరం వచ్చినవాళ్ళ నుదురులా, చేయి పెట్టి చూశాడు.

ఎండ తిరిగాక ఆమె వచ్చింది.

"ట్రావెల్సువాళ్ళతో మాట్లాడాను. బండి వాళ్ళ దగ్గర అద్దెకు పెడుతున్నాం. నడిపేది నేనే. రాత్రిళ్ళు వాళ్ళ షెడ్డులోనే ఉంటుంది."

"మరి బ్యాటరీ?"

"వాళ్ళకు మెకానిక్కు ఉన్నాడు."

ఆయన స్విచ్చు ఆపాడు. నల్ల క్లిప్పు తీశాడు, ఎర్రది తీశాడు, బానెట్టు దించాడు. ఆమె ఎక్కి తాళం తిప్పింది. ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. ఇంత నిండుగా ఆ బ్యాటరీ ఎప్పుడూ ఎక్కలేదు.

ఆయన కిటికీ దగ్గరకు వంగాడు.

"తీసేటప్పుడు ఎరుపు కంటే ముందు నలుపు తియ్యమను. మర్చిపోకుండా చెప్పు వాళ్ళకు."

"చెబుతానండీ" అంది ఆమె, ఆయన ముఖం చూడకుండా. గేరు వేసి, బండిని ముందుకు, ఎండలోకి తీసింది.