చారి సాబ్ అరగదీసిన రాగి

ఎండాకాలం వస్తే అందరూ మామిడిపళ్ల కోసం చూస్తారు, నేను వేడెక్కి ఆగిపోయే కంప్యూటర్ల కోసం చూస్తాను. ఈ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను గానీ, ఈ ఏడు చూసే ఓపిక కూడా లేకపోయింది. పార్క్ లేన్‌లో రెండో అంతస్తులో నా రిపేరు దుకాణం. లిఫ్టు ఉంది, కదలదు. ఇరవై రెండేళ్లుగా ఆ మెట్లు ఎక్కీ దిగీ నా మోకాళ్లు అరిగిపోయాయి. దుకాణంలో ఉండేది ఇద్దరమే. రాజేందర్ అనే నేను, బ్రహ్మచారి అనే ఆయన. ఆయన్ని అందరూ చారి సాబ్ అంటారు.

చారి సాబ్‌కి అరవై మూడు. ఇల్లు మెట్టుగూడలో. కులవృత్తి కంసాలి పని. పాట్ మార్కెట్‌లో ఒక మేడగదిలో ముప్పై ఏళ్లకు పైగా నగలు చేశాడు. మెషీన్ మీద తయారయ్యే గొలుసులు వచ్చాక, ఆ గదిలో కూర్చునే ఆరుగురూ ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఆఖర్న ఈయన తాళం వేశాడు. తర్వాత ఏడాదిపాటు పొద్దున్నే పనిముట్లన్నీ చాప మీద వరసగా పేర్చి, సాయంత్రం మళ్లీ పెట్టెలో సర్దేవాడని ఆయన భార్య శ్యామలమ్మ ఒకసారి నాతో చెప్పింది. ఆ మాట చెప్తూ ఆమె నవ్వలేదు, ఏడవనూ లేదు.

ఎనిమిదేళ్ల కింద ఫోను బాగుచేయించుకోవడానికి నా దుకాణానికి వచ్చాడు. నేనప్పుడు ఒక బోర్డు మీద దారంకన్నా సన్నటి తీగను అతికించలేక చెమటలు కక్కుతున్నాను. కాసేపు చూసి, “జెర జరుగు సేట్” అన్నాడు. జరిగాను. రెండు నిమిషాల్లో అతికించేశాడు. మర్నాటి నుంచి ఆ కుర్చీ ఆయనదే అయింది.

ఎనిమిదేళ్లు ఆయన చేతికి తిరుగులేదు. ఈ వేసవిలోనే ఏదో తేడా కొట్టింది. ఒక కార్డుకి స్క్రూ సగమే బిగించి పంపాడు. ఇంకోదానికి పేస్టు చిప్పు దాటి పక్కల మీదకంతా పూశాడు. రెండూ తిరిగొచ్చాయి, కస్టమర్ల నోళ్లకి నేను దొరికాను. ఆ కోపంలో అనేశాను: “చారి సాబ్, ఇంకొక్కటి వాపస్ వచ్చిందంటే ఇగ ఇంట్ల కూసోండి.” ఆయన తలూపి, పనిలో పడ్డాడు. ఆయనకి ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో తెలిసీ ఆ మాట అన్నాను. నా నోటికి ఎప్పుడూ ముందుచూపు లేదు.

తర్వాతి వారం సబీహా వచ్చింది. తిరుమలగిరి అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. ఇంకా కట్టని ఇళ్లని కట్టేసినట్టే కంప్యూటర్‌లో గీసి చూపించడం ఆమె పని. దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి, అది వేడెక్కి గంటకోసారి మిషన్ ఆగిపోతోంది. విప్పి చూస్తే రోగం తెలిసిపోయింది. కార్డులోని చిప్పు మీద రాగి పలక కూర్చుంటుంది. చిప్పులోని వేడిని అదే లాగేస్తుంది. రెంటి మధ్యా సందు లేకుండా బూడిదరంగు పేస్టు పూస్తారు. ఆ పేస్టు గోడ సున్నంలా ఎండిపోయింది.

“మీరు చెయ్యండి చాచా, నేను సాయంత్రం వస్తా,” అని కార్డు చారి సాబ్ ముందు వదిలి వెళ్లిపోయింది.

చారి సాబ్ ఆమె వెళ్లినవైపే చూస్తూ ఉండిపోయాడు. “పాట్ మార్కెట్ల గిట్ల ఎవ్వలు ఇడిసిపోకపోయేటోళ్లు సేట్. టిఫిన్ డబ్బా తెచ్చుకొని నా ముంగటనే కూసునేటోళ్లు. పొద్దుమూకినదాంక నా చేతులనే చూసేటోళ్లు,” అన్నాడు. కంసాలి కన్నతల్లి బంగారమైనా కాజేస్తాడని లోకం ఒక సామెత చెప్పుకుంటుంది. ఆ సామెత ముందు ముప్పై ఏళ్లు కూర్చుని పనిచేసిన మనిషి ఆయన.

పాత పేస్టు తుడిచాడు. చిప్పు శుభ్రం చేశాడు. తర్వాత సన్నటి గరుకు కాగితం తీసుకుని రాగి పలకను రుద్దడం మొదలుపెట్టాడు. నేను రెండు ఫోన్లు మాట్లాడి, ఒక లాప్‌టాప్ విప్పి, టీ తాగి వచ్చినా ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

“ఏంది చారి సాబ్, పెండ్లిపిల్ల నగనా అది?”

“నడిమిట్ల మచ్చ పోతలేదు సేట్.”

నవ్వుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి, మెరవని లోహాన్ని చేతిలో పెట్టుకోలేడు అనుకున్నాను. గంట దాటాక పేస్టు పూసి, స్క్రూలు బిగించి ఇచ్చాడు. ఈసారి స్క్రూలన్నీ నేనే చూసుకున్నాను. సబీహా వచ్చేసరికి కాంప్లెక్స్ అంతా కరెంటు పోయింది. గంటసేపు నడిపి వేడి చూడాల్సింది, చూడకుండానే ఇచ్చేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

మర్నాడు దుకాణం తెరిచేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది.

“భయ్యా, మొన్నటిదాంక గంటకొకసారి ఆగుతుండె. ఇప్పుడు ఐదు నిమిషాలు సుత నడుస్తలేదు. ఎల్లుండి బిల్డర్‌కు చూపియ్యాలె. పరేషాన్ అయితుంది నాకు.”

మూడోది. చారి సాబ్ నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. సబీహా ఫోను మాట్లాడటానికి వరండాలోకి వెళ్లింది. కార్డు విప్పాం. పలక అంచుల దగ్గర పేస్టు నొక్కుకుని పలచబడింది. మధ్యలో మాత్రం పూసింది పూసినట్టే దళసరిగా ఉంది. చారి సాబ్ అది తుడిచి, రాగి మీద బొటనవేలు మెల్లగా జరిపాడు. ఆయన ముఖం మారిపోయింది. నేను పలక మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి పట్టుకున్నాను. స్కేలు కింద మధ్యలో సన్నగా వెలుగు కనిపించింది. రుద్ది రుద్ది గుంట చేశాడు. చిప్పుకి రాగి తగలడమే లేదు.

నాకు తిట్టే ఓపిక కూడా లేదు. “చిప్పే పోయిందని చెప్దాం చారి సాబ్. ఆమెకేం తెలుస్తది? మీ కుర్చీ ఉంటది, నా దుకాణం పేరు ఉంటది,” అన్నాను గుసగుసగా. ఈ బజారులో రోజుకి పదిమంది చెప్పే అబద్ధమే అది. సిగ్గుపడ్డాననీ చెప్పను. అంతగా అలసిపోయి ఉన్నాను.

అప్పుడే సబీహా లోపలికొచ్చింది. చారి సాబ్ లేచి నిలబడ్డాడు.

“బిడ్డా, నీ కార్డు మంచిగనే ఉన్నది. నీ రాగిలకెళ్లి నేను తీసిన. గుంట పడ్డది.”

ఆమె నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

“ఎంత తీసిన్రు చాచా?”

“వెంట్రుకంత సుత ఉండదు. గంత చాలు, ఆగం కానీకె.”

ఎన్నడూ తీయని బంగారానికి ముప్పై ఏళ్లు లెక్క చెప్పిన మనిషి, ఎవరూ అడగని రాగికి ఒప్పుకుంటున్నాడు. సబీహా బ్యాగు భుజాన వేసుకుంది.

“సాయంత్రం వరకు అయితదా?”

“అయితది,” అన్నాను నేనే, గబుక్కున. ఆమె వెళ్లిపోయింది.

అటక మీద చచ్చిన కార్డుల అట్టపెట్టెలో అదే మోడల్ ఒకటి దొరికింది. దాని రాగి పలక విప్పి సబీహా కార్డుకి వేశాను. చారి సాబ్ తన చేత్తో చేయనన్నాడు. వెనక నిలబడి “శనగగింజంత పెట్టు సేట్, చాలు” అని మాత్రం చెప్పాడు. గంటసేపు నడిపాం. వేడి డెబ్బై ఒకటి డిగ్రీల దగ్గర ఆగింది, అక్కడి నుంచి పైకి పోలేదు. నా మనసు మెత్తబడింది. ఈ వయసులో ఇంకెవర్ని వెతుక్కుంటాను, ఈయన్ని ఎక్కడికి పొమ్మంటాను?

“అయిందేదో అయింది చారి సాబ్. మూడు లేదు, ముప్పై లేదు. రేపు జెర జల్ది రండి, ఇంకా నాలుగు కార్డులున్నయ్.”

ఆయన వినలేదు. పాడైన రాగి పలకని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“సేట్, ఒక్కటి నిజం చెప్పు. దీని నడిమిట్ల మచ్చ ఉందా?”

తీసుకుని చూశాను. అద్దంలా ఉంది. గీయని నా గడ్డం కనిపిస్తోంది అందులో.

“లేదు.”

“జెరంత గూడ లేదా?”

“ఏం లేదు చారి సాబ్.”

మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. “నాలుగు నెలల సంది ఏది చూసినా దాని నడిమిట్ల ఒక మచ్చ ఉంటది సేట్. అన్నం పళ్లెంల ఉంటది. శ్యామల బొట్టు కనబడ్తలేదు. చెప్తే ఈ కుర్చీ సుత పోతదని చెప్పలే.”

“డాక్టర్‌కు చూపిచ్చుకోవాలె గదా! ఆపరేషన్ చేస్తరు.”

“పోయిన. కంటి ముంగటి పొర అయితే తీసేటోళ్లట. ఇది వెనకది. కుంపటి మంట చూసి చూసి అయిందో, వయసుకు వచ్చిందో, ఇంక మంచిగ గాదన్నరు.” చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. “రాగి మీద నిజంగనే ఉందేమో అనుకున్న. రుద్దితే పోతదేమో అని రుద్దిన.”

ఆయన తలెత్తి, మొదటిసారి చూస్తున్నట్టు నన్ను చాలాసేపు చూశాడు.

“ఇప్పుడు నీ మొఖం మీద ఉన్నది సేట్,” అన్నాడు.

నాకు తెలియకుండానే చెయ్యెత్తి ముఖం తుడుచుకున్నాను.