ఊడ్చే అక్క వినాల్సిందే

ముప్పై ఏళ్లుగా చట్టసభలో ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడుతున్న పెద్దమ్మగారికి ఒక అలవాటు ఉంది. రాజ్యాంగ సవరణకు ఏ వాక్యం రాసినా, పొద్దున్నే గది ఊడ్చే అక్కకు వినిపించాల్సిందే. చీపురుకు అడ్డం లేకుండా తన కుర్చీ తనే పక్కకు జరిపి, నిలబడే చదువుతారు.

ఓటింగు రోజున, "ఆచారం ఉన్నచోట తప్ప, ఆస్తిలో ఆడామగా సమానం," అని చదివారు. ఆ మినహాయింపు ఉంటేనే ఓటేస్తామని కొందరు సభ్యులంటే ఆవిడ ముందురోజే సరేనన్నారు.

అక్క చీపురు ఆపింది. "మా అన్నలు నన్ను ఇంట్లోంచి గెంటింది ఆచారమనే కదమ్మా! ఇంక నాకు మిగిలిందేంటి?"

పెద్దమ్మగారు కళ్లజోడు తుడుచుకుని, కలం తీసి ఆ మినహాయింపు కొట్టేశారు.

"ఓడిపోతామమ్మా!" అని పక్కనే ఉన్న ఆవిడ గుమాస్తా లబలబలాడాడు.

"ఓడితే మళ్లీ రాద్దాంలే నాయనా."

మూడు ఓట్ల తేడాతో ఓడిపోయారు. మర్నాడు అక్క వచ్చేసరికి కుర్చీ అప్పటికే పక్కకు జరిగి ఉంది. పెద్దమ్మగారు కొత్త కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు.