ఆమెన్ అనకముందే కట్టేసిన టెంట్ల ఫీజు

వేసవిలో డాబా మీద నీళ్ళు చల్లి చాప పరుచుకుంటే నిద్ర దానంతటదే వచ్చే ఇంట్లో పెరిగినదాన్ని. ఆరుబయట పడుకోవడానికి డబ్బు కట్టాలని ఆ రోజుల్లో ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. పైగా నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది (పదో తరగతి పరీక్ష కూడా ప్రైవేటుగానే రాశాను). విహారయాత్రలంటే నాకు ఇతరుల ఫొటోలే. అలాంటి నాకు ఇరవై రెండో ఏట, పద్మారావు నగర్‌లోని మా చర్చి స్త్రీల సమాజం ఒక బాధ్యత అప్పగించింది. ఆడపిల్లలందరినీ ఒక శనివారం ఊరి బయటి అడవి పార్కుకు తీసుకువెళ్ళాలి, టెంట్లు నేను బుక్ చేయాలి. కొత్తగా ఉద్యోగంలో చేరాను, ఫోన్‌లో డబ్బు కట్టడం వచ్చు. నా అర్హత అంతే. అయినా నమ్మారు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

సమాజానికి పెద్ద స్తోత్రం ఆంటీ (మాట మాటకూ స్తోత్రం అంటారు కనుక మేం పెట్టుకున్న పేరు). ఆదివారం ఆరాధన అయ్యాక, పిల్లల దగ్గర పోగైన డబ్బు నా ఖాతాలో వేసి, ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు. ఎనిమిది టెంట్లు ఎంచుకున్నాను. అద్దె కనబడింది. దాని కింద రిజర్వేషన్ ఫీజు, దాని కింద మనిషికింత ప్రవేశ రుసుము, దాని కింద బస్సు నిలిపేందుకు మరొకటి.

ఆంటీ గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఏందీ! ఆకాశం కింద పండుకోనీకి సుత ఫీజా? సర్కారు పార్కంటే మనదే గద బిడ్డా!"

"మనదే ఆంటీ, కానీ మనమే కట్టాలంట."

"సరే, షురూ చేద్దాం. ముందుగాల ప్రార్థన."

మా చర్చిలో కుర్చీల అద్దె కట్టాలన్నా ముందు ప్రార్థన చేయాల్సిందే. ఈ సంగతి పార్కువాళ్ళ వెబ్‌సైటుకు తెలియదు. ఆ శనివారానికి మిగిలినవి పదహారు టెంట్లేననీ, మా ఎనిమిదింటినీ పది నిమిషాలు మాత్రమే పట్టి ఉంచుతామనీ చెప్పి, ఒక మూల ఎర్రంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ వారం పోతే పిల్లలకు పరీక్షలు, ఇక క్యాంపు ఉండదు.

ఆంటీ ప్రతి పిల్లనూ పేరుపేరునా దేవునికి అప్పగించారు. పాముల నోళ్ళు మూయించారు. వానను ఆపారు. డ్రైవర్ కళ్ళకు మెలకువ అడిగి, బస్సు టైర్ల దగ్గరికి వచ్చారు. నేను ఒక కన్ను తెరిచాను. ఒక నిమిషం నలభై సెకన్లు! ఆంటీ ఇంకా ఎడమవైపు వెనక టైరు దగ్గరే ఉన్నారు. ప్రభువా క్షమించు అనుకుంటూ పిన్ నొక్కేశాను. బుకింగ్ అయిపోయింది. కన్ను మూసుకున్నాను. కాసేపటికి అందరితో కలిసి నేనూ "ఆమెన్" అన్నాను.

"ఇగ కట్టు బిడ్డా, అందరం చూస్తం, స్తోత్రం."

ప్రార్థన నడుస్తుండగానే కట్టేశానని ఏ నోటితో చెప్పను? మళ్ళీ మొదటినుంచీ ఎనిమిది టెంట్లు ఎంచుకున్నాను. చివర్లో తప్పుడు పిన్ కొట్టి, సర్వర్ పనిచేయడం లేదని తప్పించుకుందామని నా పన్నాగం. వేలికి అబద్ధం అలవాటు లేదు. సరైన పిన్నే కొట్టేసింది. ముందురోజే ఖాతాలో పడి, అమ్మ చేతిలో పెడదామని ఉంచుకున్న నా మొదటి జీతం అలా ఇంకో ఎనిమిది టెంట్ల కిందకు వెళ్ళిపోయింది. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పార్కుకు ఫోన్ చేశాను. "రద్దు చేస్తే అద్దెల సగమే వస్తది మేడమ్. రిజర్వేషన్ ఫీజు అస్సలు రాదు. అయినా ఒక్క పేరు మీద రెండుసార్లు ఎట్ల చేసిండ్రు?"

"ప్రార్థనలో ఉండి..."

"ఏందీ?"

ఫోన్ పెట్టేసి, సాయంత్రం బోయిన్‌పల్లిలో ఆంటీ ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆంటీ చేయి ఆగిపోయింది. డబ్బు ఊసే ఎత్తలేదు.

"నా ప్రార్థనల కండ్లు తెరిచినవా?"

"ఒక్క కన్నే ఆంటీ."

నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు మెల్లగా అడిగారు. "అప్పటికి ఎంత టైం మిగిలింది?" చెప్పాను. "టైర్ల కాడ జెర లేటైంది, నిజమే" అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకున్నారు. "రద్దు గిద్దు ఏం లేదు. ఆ ఎనిమిదింటిల తల్లులను పండుకోబెడదం. ఎవరి ఫీజు వాళ్ళిస్తరు. పరేషాన్ గాకు."

అమ్మ వంతు తప్ప, వారంలో నా జీతం చిల్లరతో సహా తిరిగొచ్చింది. అమ్మ చేతిలో పెడితే, అందులోంచే తన ఫీజు తీసి నాకిచ్చి, అందరికన్నా ముందు బస్సెక్కింది. టెంటు గుడ్డను రెండు వేళ్ళతో నలిపి చూసి, "దీనికా అంత డబ్బు!" అని నిర్ఘాంతపోయింది. తెల్లారాక లేపితే లేవలేదు.

ఇప్పుడు నేనూ సమాజంలో పెద్దల వరుసలోనే కూర్చుంటున్నాను. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. అన్నీ చూస్తున్న దేవుని ముందు నిబ్బరంగా పిన్ నొక్కి, కళ్ళు మూసుకున్న ఆంటీకి జడిసి మొదటి జీతమంతా కట్టేసింది, పిచ్చిది.