రెండో మునక

నాకు చిన్నప్పటి నుంచి నీళ్లంటే ప్రాణభయం. పాకాల దగ్గర మా సంఘంలో బాప్తిస్మం ఇచ్చేదేమో చెరువులో. "మునగడమంటే పాత మనిషిని సమాధి చేయడం, లేవడమంటే కొత్త మనిషిగా బతకడం" అని పాస్టరుగారు చెబితే బాగానే తలూపాను.

ఆ రోజు తెల్లచీరతో నడుంలోతు నీళ్లలోకి దిగి పాస్టరుగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా నాయన ఏటా తిరుమల కొండకు పోయే మనిషి. "నేను రాను, నీ ఇష్టం" అన్నవాడు, ఎందుకో గట్టు మీద నిలబడి ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని మునిగి లేచాను. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాను.

"నెత్తి పూర్తిగా మునగలేదమ్మా, ఇంగోసారి" అన్నారు పాస్టరుగారు. వెంట్రుక తేలినా ఒప్పుకోరు మా సంఘంలో.

ఊపిరి తీసుకునేలోపే ముంచారు. బురదలో కాలు జారింది. ఆయన పట్టు తప్పింది. ముక్కులోకి నీళ్లు, కళ్లకు చీకటి. ఇంక చచ్చిపోయాననే అనుకున్నాను.

ఎవరో రెక్క పట్టి పైకి లాగారు. నాయన! చొక్కాతోనే దూకేసి, నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు.

"బయపడాకు అమ్మణ్ణీ, పైకొచ్చేసినావు."

బాప్తిస్మం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ చెయ్యే కనబడుతుంది. దాని మణికట్టుకు తిరుమలలో కట్టుకున్న దారం, తడిసి నీళ్లు కారుతూ.